ఏడో పేజీలో ఖాళీ లైను

మా నాయన అళగర్సామి కోర్టు తీర్పులు కళ్ళు మూసుకుని చదివేవాడు. కళ్ళు మూసుకుంటే చదవడమేమిటని మీరు అడుగుతారు. నేనూ అడిగాను.

"తెరిచి చదివేది వక్కీలు పని బొమ్మీ. నేను పొద్దున రెండుతూర్లు చదివి పెట్టుకొంటాను. మధ్యాన్నం మూసుకొని వింటాను. అప్పుడు తెలుస్తాది, జడ్జి యాడ తడబడినాడో."

వీధిబడిలో మూడో క్లాసు చదివిన మనిషి మాట అది. ఆ చదువూ అరవంలోనే.

రాజపాళయంలో మా ఇల్లు పత్తి గింజలు తీసే ఫ్యాక్టరీకి వెనక వీధి. గాలి అటు నుంచి తిరిగితే మా తిన్నె మీద, నాయన మీసాల మీద, వచ్చినవాళ్ళ తలగుడ్డల మీద దూదిపింజలు వాలేవి. ఎవరూ దులుపుకునేవాళ్ళు కాదు. ఆదివారం మధ్యాహ్నాలు సత్రపట్టి నుంచి, మంసాపురం నుంచి చంకలో గుడ్డకు చుట్టిన తీర్పు నకలుతో మనుషులు వచ్చేవారు. ఓడినవాళ్ళు ఎందుకు ఓడామో తెలియక వచ్చేవారు. గెలిచినవాళ్ళు ఎందుకు గెలిచామో తెలియక వచ్చేవారు. మజ్జిగ మాత్రం ఇద్దరూ ఒకేలా తాగేవారు, ఆ కుండ నింపలేక నా చేతులు పడిపోయేవి.

నాయన స్తంభానికి ఆనుకుని మొదలుపెట్టేవాడు. ఎవరిదో గట్టు, ఎవరిదో దారి, ఎప్పుడో చనిపోయిన తాత రాసిన కాగితం. ఆయన గొంతులో అవి కొట్లాటల్లా ఉండేవి కావు. ఎక్కడో నీళ్ళకు అవతలి ఒడ్డున జరిగినట్టుండేవి. వింటూ వింటూ సగంమంది కునుకు తీసేవారు. నేను గడప మీద తల ఆనించి, ఆడి నెల సారలు, ఆ సన్నజల్లు, సంజీవి కొండ మీద తెల్లగా దిగుతుంటే చూస్తూ, మొదటి సాక్షి, రెండో సాక్షి అనే మాటలు వింటూ నిద్రలోకి జారేదాన్ని. ఈ వయసులోనూ నాకు మధ్యాహ్నం నిద్ర పట్టాలంటే ఎవరైనా పక్కన కూర్చుని తీర్పు చదవాలేమో అనిపిస్తుంది.

ఆయన పద్ధతి ఒకటుంది. చివర ఏమి రాశారో, ఎవరు గెలిచారో అడిగితే విసుక్కునేవాడు. జడ్జి ఎవరిని నమ్మాడు, ఎవరిని నమ్మలేదు అన్న పేరా కోసం వెతికేవాడు. అది దొరికాక తీర్పు తెచ్చినవాణ్ణి ఒకటే అడిగేవాడు.

"మీ ఊరిలో అందరికీ తెలిసి, నువ్వు వక్కీలుకు చెప్పంది ఏమన్నా ఉన్నాదా?"

నూటికి తొంభైమంది ఉంది అనేవారు. అప్పుడు నాయన కళ్ళు తెరిచి నిట్టూర్చేవాడు. ఆ ప్రశ్న ఆయనకు ఊరికే రాలేదు. ఆయన సొంత కేసులో అది ఎవరూ ఆయనను అడగలేదు. కాదు, నిజం చెప్పాలి. అడిగారు. ఆయనే చెప్పలేదు.

మంసాపురం దారిలో మాకు ఒక బావి ఉంది. మా నాయనకు, ఆయన పెదనాయన కొడుకు, నాకు పెదనాయన వరసైన బొమ్మయ్యకు అది ఉమ్మడి. ఒకరోజు వాళ్ళ ఎద్దులు, ఒకరోజు మా ఎద్దులు తోలు బానతో నీళ్ళు లాగేవి. మా తాతల కాలం నుంచి ఆ బావికి ఒక కట్టడి ఉంది. చిత్తిరై నెల మొదటి రోజు, అంటే అరవ సంవత్సరాది పొద్దున, రెండు ఇళ్ళలోనూ పెద్దదైన ఆడమనిషి ముడులు వేసిన నార తాడును బావిలోకి దించాలి. మగవాళ్ళు అటు తిరిగి నిలబడాలి. ఆమె తాడు పైకి లాగి, తడిసిన ముడులను వేళ్ళతో తడిమి, తాడును ఒళ్ళో చుట్టుకోవాలి. ఎన్ని ముడులు తడిశాయో ఎవరికీ చెప్పకూడదు. ఈ ఏడు వరి వేయండి, లేదా పత్తి చాలు, ఇంతవరకే చెప్పాలి. లోతు నోటితో చెబితే నీళ్ళు ఆ మాట విని దిగిపోతాయని మా నమ్మకం. ఆమె పోయేముందు మాత్రం తన తరువాత తాడు పట్టేదాని చెవిలో చెప్పి పోవాలి.

నేను పుట్టిన ఏడే మా అమ్మ పోయింది. బొమ్మయ్య పెదనాయన భార్య అంతకు ముందే పోయింది. తాడు పట్టేది అంతకు చాలా ముందు నుంచీ మా పాపాత్తి అత్త. మా నాయనకు అక్క. పిల్లాజెల్లా లేకుండా పదహారేళ్ళకే తాళి తెగి పుట్టింటికి వచ్చిన మనిషి. నన్ను పెంచింది, నాయనను ఆడించింది, ఎద్దులను తిట్టింది, ఆ కేసు నాటికే నలభై ఏళ్ళు బావిని కొలిచింది. ఆమెకంటూ ఉన్నది ఏదైనా ఉంటే ఆ తాడే.

1932లో పెదనాయనను ఏ పురుగు తొలిచిందో, బావి మొత్తం తనదేనన్నాడు. నీళ్ళు ఎక్కువగా ఉన్న ఏళ్ళలో తమ్ముడని జాలిపడి ఇచ్చాను, హక్కు లేదు అన్నాడు. నాయన మున్సిఫు కోర్టులో దావా వేశాడు. వాళ్ళ వైపు వక్కీలు, మన వైపు వక్కీలు, ఇద్దరూ వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. మన వక్కీలు మంచివాడే. ముందుగానే అడిగాడు, ఆ బావి గురించి నేను తెలుసుకోవలసింది ఇంకేమైనా ఉందా అని. నాయన ఏమన్నాడంటే, "అంతా అందరికీ తెలిసిందే సారు."

ఆ ఒక్క మాటతో కేసు మునిగింది. కానీ అది ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

అత్త సాక్ష్యం చెప్పిన రోజు నేనూ పోయాను. ఒంటరిగా రానంది. ఉతికిన తెల్ల నూలు చీర కట్టుకుని, తాడును మడిచి సంచిలో పెట్టుకుని వచ్చింది, అడిగితే చూపిద్దామని. అరవంలో గట్టిగా, తడుముకోకుండా చెప్పింది. బావి ఎవరు తవ్వించారు, ఎద్దుల వంతు ఎట్లా, తను ఎప్పటి నుంచి కొలుస్తోంది, అన్నీ. జడ్జి తలాడిస్తూ రాసుకున్నాడు. మన వక్కీలు ముఖం వెలిగిపోయింది. బావిని కొలిచే హక్కు ఈ ఇంటిదైతే నీళ్ళలో పాలూ ఈ ఇంటిదే కదా!

అప్పుడు వాళ్ళ వక్కీలు లేచి ఒకటే అడిగాడు. "పోయిన చిత్తిరైలో బావిలో నీళ్ళు ఎంత లోతు ఉన్నాయమ్మా?"

అత్త నాయన వైపు చూసింది. నాయన నేల వైపు చూశాడు.

"తెలీదు" అంది.

"అంతకు ముందు ఏడు?"

"తెలీదు."

"నలభై ఏళ్ళలో ఏ ఒక్క ఏడైనా?"

"తెలీదు సామీ."

సంచిలో తాడును గట్టిగా పట్టుకుంది. దాన్ని చూపించమని ఎవరూ అడగలేదు. పక్క బెంచీ మీద కూర్చున్న పెదనాయనకు ఆమె ఎందుకు తెలీదంటోందో తెలుసు. కోర్టు వాకిట్లో బెల్లం అమ్మే మంసాపురం ముసలిదానికి కూడా తెలుసు. తెలియనిది ఇద్దరు వక్కీళ్ళకూ జడ్జికీ మాత్రమే. నాయన అప్పుడైనా లేచి వక్కీలు చెవిలో ఒక మాట వేసి ఉండవచ్చు. ఇంత చిన్న సంగతి అంత చదివినవాళ్ళకు తెలియకుండా ఉంటుందని ఆయనకు తోచలేదు. ఆ తరువాత పెదనాయన బోనెక్కి, పదహారు మూరలు అని టకీమని చెప్పాడు. జన్మలో తాడు ముట్టని మనిషి! కానీ అంకె అంకే కదా, జడ్జి రాసుకున్నాడు.

తీర్పు ఇంగ్లీషులో వచ్చింది. ఆ రోజు అత్త లోపలికి రాకుండా కోర్టు వాకిట్లోనే కూర్చుంది. మన వక్కీలు దగ్గర గుమాస్తా బాలసుబ్రహ్మణ్య దాన్ని వరుసగా అరవంలో చెబుతుంటే, నాయన ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాడు. తెలుగంటే మన మాట తెలుగు, అక్షరాలు అరవం. మా ఇళ్ళలో తెలుగు అక్షరాలు ఎవరికి వచ్చు? ఇంటికి వచ్చి అత్తకు చదివి వినిపించాడు. ఓడిపోయామన్నాడు. ఏడో పేజీకి వచ్చేసరికి గొంతు సవరించుకుని చదివాడు. "రెండో సాక్షి పాపాత్తి అమ్మాళ్ గౌరవమైన మనిషి. ఆమె మాటను కోర్టు శ్రద్ధగా వినింది."

అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పోనీలేరా, వినినారు గదా" అంది.

నాకు కాస్త అరవం చదువు వచ్చు. వారం తరువాత నోటుబుక్కు తీసి చూశాను. ఏడో పేజీలో ఆ మాటలు లేవు. పైన పేరా ఉంది, కింద పేరా ఉంది, నడుమ ఒక లైను ఖాళీగా ఉంది. నాయనను పట్టుకుని అడిగితే మొదట కసిరాడు, తరువాత గోడ వైపు తిరిగి చెప్పాడు. నలభై ఏళ్ళు కొలిచానని చెప్పే మనిషికి లోతు తెలియదంటే, ఆమె ఎన్నడూ కొలవలేదు, లేదా నిజం చెప్పడం లేదు. రెండో సాక్షిని నేను నమ్మను. జడ్జి రాసింది అది.

"దాన్ని నా చేత్తో రాయలేకపోతినే" అన్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఒక్క మాట వక్కీలుకు చెప్పి ఉంటే ఏమి పోయేది ఈ మనిషికి!

పై కోర్టుకు అప్పీలు పోయింది. అది నడుస్తున్నా చిత్తిరై మాత్రం ఆగలేదు. ఆ పొద్దు అత్త బావి దగ్గరికి పోయేసరికి పెదనాయన అప్పటికే వచ్చి, మా నాయన పక్కనే అటు తిరిగి నిలబడి ఉన్నాడు. అత్త ఎన్నడూ బావిని కొలవనే లేదని వాదిస్తున్న పెద్దమనిషి! అత్త తాడు చుట్టుకుని వస్తే, వినయంగా చేతులు కట్టుకుని అడిగాడు.

"ఏమి వేయమంటావు అక్కా?"

"వరి జోలికి పోవద్దు. పత్తి వేయి."

"సరి అక్కా" అని పోయి పత్తి వేశాడు.

నాయన బావిగట్టు మీద కూలబడి, "ఇప్పుడు వచ్చి చూడమను ఆ జడ్జిని! దీన్ని ఏ సాచ్చిగా రాస్తారు?" అని అరిచాడు. వినడానికి అక్కడ రెండు జతల ఎద్దులు, మేము తప్ప ఎవరూ లేరు.

1936లో అప్పీలు గెలిచాం. మా తాతలు పంచుకున్నప్పుడు రాసుకుంటే కింది కోర్టు పక్కన పెట్టిన పాత భాగపత్రాన్నే పై జడ్జి ముందుకు తీశాడు. కాగితం స్పష్టంగా ఉంది, నోటి సాక్ష్యాల జోలికి పోవలసిన పని లేదు అని రాశాడు. బావిలో సగం మాది. వీధి వీధంతా బెల్లం పంచుకుంది. నాయన మాత్రం దిగులు ముఖంతో వక్కీలు దగ్గరికి పరుగెత్తాడు, ఆ ఏడో పేజీ వాక్యం కొట్టించడానికి ఇంకా పైకి పోవాలని. వక్కీలు నవ్వాడట.

"గెలిచినవాడికి అప్పీలు లేదయ్యా. అప్పీలు డిక్రీ మీద వేస్తారు, ఒక వాక్యం మీద వేయరు."

నాయన తీర్పుల పిచ్చి అక్కడ మొదలైంది. ప్రతి ఆదివారం బాలసుబ్రహ్మణ్యను బస్సులో పిలిపించుకుని, కడుపు నిండా భోజనం పెట్టి, ఎవరెవరివో తీర్పులు చెప్పించుకునేవాడు. నాలుగేళ్ళలో కోర్టు ఇంగ్లీషు వచ్చేసింది. రైలు స్టేషనులో ఇంగ్లీషు బోర్డు చదవలేని మనిషి, 'ఈ సాక్షి నమ్మదగినవాడు కాదు' అన్న మాటను మాత్రం పేజీ తిప్పకముందే పసిగట్టేవాడు. ఎవరి తీర్పులోనైనా నమ్మని సాక్షిని తరువాతి పేజీలో, పై కోర్టులో, ఎక్కడైనా ఎవరైనా మళ్ళీ నమ్మారా అని వెతికేవాడు. అట్లాంటిది దొరికితే ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

ఆయన వల్ల మంచి జరగలేదని అనను. సత్రపట్టి మాడసామి దారి కేసు కింది కోర్టులో పోయింది. పొలం గట్టు మీద కలబంద నాటిన ఏడే దారి మూసుకుపోయిందని జడ్జి రాశాడు. నాయన మామూలు ప్రశ్న అడిగితే మాడసామి తల గోక్కుని, మా పక్క కలబంద నాటేది దారికి హద్దు చూపడానికే సామీ, మూయడానికి కాదు, ఇది కూడా చెప్పాలా అన్నాడు. నాయన ఆ మనిషిని చెయ్యి పట్టి లేపి, అప్పుడే వక్కీలు దగ్గరికి తోలాడు. అప్పీలులో ఇంకో విచారణకు పంపారు, మాడసామి గెలిచాడు. గుమ్మడికాయలు తెచ్చి తిన్నె మీద పోశాడు.

ఆ గుమ్మడికాయలు చూసి నాయన నవ్వలేదు. "ఇంత ఈజీయా" అన్నాడు మెల్లగా. ఆ రోజు తీర్పేదీ చదవలేదు.

నన్ను మా మేనమామ కొడుకు ముత్తుకు ఇచ్చి, అతన్ని ఇల్లరికం తెచ్చారు. కొత్త నూలు మిల్లులో అతనికి పని దొరికింది. మిల్లు సంగు, అదే సైరను, మోగితే వీధిలో అన్నాలు వండేవారు, మళ్ళీ మోగితే దీపాలు పెట్టేవారు. నాయన మాత్రం ఏ సంగుకూ లేచేవాడు కాదు. ఏడాదికి ఒకసారి అత్త అడిగేది.

"తమ్మీ, మన తీర్పు చదువురా. విని నాళ్ళయ్యె."

నాయన నోటుబుక్కు తెచ్చి, మొదటి నుంచి చివరి దాకా చదివేవాడు. ఏడో పేజీలో లేని లైనును ఒక్క అక్షరం మారకుండా చదివేవాడు. అత్త స్తంభానికి ఆనుకుని, నోట్లో తమలపాకు నములుతూ, ఆ మాట దగ్గర తల ఊపేది. నేను లోపలికి పోయేదాన్ని. పదమూడేళ్ళు అలా గడిచాయి.

1947 చిత్తిరైకి అత్త లేవలేకపోయింది. తాడు దించేవాళ్ళు లేక బావి అట్లాగే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం పెదనాయన వచ్చి ఆమె మంచం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ముసలివాడైపోయాడు. విసనకర్ర తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి అన్నాడు.

"అక్కా, ఆ పదహారు మూరలు నాకేమి తెలుసు? ఏదో ఒక నెంబరు చెప్పు అనె వక్కీలు. చెప్పేసినాను."

"తెలుసులేరా. పోయి ఎద్దులకు నీళ్ళు చూపించు" అంది అత్త. ఆయన కళ్ళు ఒత్తుకుంటూ పోయాడు.

ఆయన గడప దాటాక అత్త నాయనను పిలిచింది. "తమ్మీ, తీర్పు చదువు."

నాయన నోటుబుక్కు తెచ్చి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. బయట దూదిపింజలు ఎండలో ఆగి ఆగి తేలుతున్నాయి. ఏడో పేజీ వచ్చింది. "రెండో సాక్షి పాపాత్తి అమ్మాళ్ గౌరవమైన..."

"అది కాదురా. నువ్వు మింగింది చదువు."

నాయన కళ్ళు తెరిచాడు. నా వైపు చూశాడు. నేను చెప్పలేదని తల ఆడించాను.

"బొమ్మిని చూడొద్దు. ఆ గుమాస్తా ఆ పొద్దే చెప్పేసినాడు, కోర్టు వాకిట్లోనే. మిమ్మల్ని నమ్మలేదమ్మా, మనసులో పెట్టుకోవద్దు అని."

"మరి ఇన్నాళ్ళు ఎందుకు అడిగితివక్కా, చదవమని?"

"నువ్వు చదివేది బాగుండె. అందుకే ఊరుకొంటి."

నాయన ఏడ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, మీసాలు తడిసేలా ఏడ్చాడు. "నేనే అక్కా. ఆ పొద్దు వక్కీలుకు ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే కోర్టు ఒప్పుకొనేదేమో. ఆమా, నిజమే. సరి, చదువు."

ఆయన పుస్తకం చూడకుండానే, చూడటానికి అక్కడ ఏమీ లేదు కదా, మొత్తం వాక్యం చెప్పాడు. నలభై ఏళ్ళు కొలిచానని చెప్పే మనిషి. నమ్మను. అత్త కళ్ళు మూసుకుని, నాయన ఆదివారాలు వినేలాగే వింది. అంతా అయ్యాక నన్ను దగ్గరికి రమ్మంది. సంచిలో నుంచి తాడు తీసి నా ఒళ్ళో పెట్టింది. నా తలను వంచి చెవి దగ్గరికి నోరు తెచ్చింది. ఆమె ఊపిరి తమలపాకు వాసన వేసింది. చెప్పింది. ఒక ఏడుది కాదు, యాభై చిల్లర ఏళ్ళవీ, ఒకదాని తరువాత ఒకటి, ఏ కరువుకు ఎన్ని ముడులు, ఏ వానకు ఎన్ని ముడులు, ఏ ఏడు వరి వేయించిందో, ఏ ఏడు ఒద్దందో. మధ్యలో ఊపిరి అందక ఆగి, మళ్ళీ చెప్పింది. ఒక్క ఏడూ మరిచిపోలేదు.

మరుసటి రోజు సంగు మోగే వేళకు పోయింది.

పదకొండు రోజులు గడిచాక నాయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళను పంపేశాడు. నేను మజ్జిగ ఇచ్చి తిరిగిపోతుంటే పిలిచాడు. పదేళ్ళకు పైగా అందరి తీర్పులూ తిరగేసిన మనిషి, చిన్న పిల్లవాడిలా నా ముఖంలోకి చూశాడు.

"బొమ్మీ. ఆ కేసు నడిచిన ఏడు, బాయిలో ఎంత ఉండెనే? అక్క నీకు చెప్పింది గదా. నాకు ఒక్కడికి చెప్పు. ఎవరికీ చెప్పను."

చెప్పాలనిపించింది. నా నాలుక చివరిదాకా వచ్చింది ఆ అంకె. పదహారు కాదు, అంతే మీకు చెప్పగలను.

"తెలీదు నాయనా" అన్నాను.

 ఆయన నోటుబుక్కు తీసి, ఏడో పేజీ తిప్పి, జేబులో కలం కోసం తడుముకున్నాడు.

"నమ్మినానమ్మా" అని, ఆ ఖాళీ లైనులో అదే రాశాడు.